శోకానికి ఊ కొట్టినవాడు

హుఫూఫ్
ఫిబ్రవరి 2013

అక్క పుష్పకు,

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. సౌదీలో ఉండనిచ్చే నా ఇఖామా కార్డు గడువు ఎప్పుడో దాటింది. ఆ కార్డు నంబరు కొట్టనిదే ఇక్కడ ఫోన్‌లో డబ్బులు పడవు. వీసా ఇచ్చి తెప్పించిన కఫీల్ దగ్గర పని వదిలి బయటపడ్డ మాలాంటి వాళ్లను ఖల్లివల్లి అంటారు. దొరికితే జైలు, దొరకకపోతే పని. కడప నుంచి వచ్చిన కాలేషా భాయికి ఇక్కడ చిన్న కిరాణా కొట్టు ఉంది. ఊరికి పోయేవాళ్ల చేతికి ఈ ఉత్తరం ఆయనే ఇస్తాడు. నువ్వు రాసినా ఆయన కొట్టుకే రాయి.

తెల్లవాళ్లుండే కాంపౌండులో ఏసీలు బాగుచేస్తున్నాను. అక్కడ డెక్లన్ అని ఐర్లండు దేశపు ఇంజనీరు ఉన్నాడు. ఎర్రగడ్డం, ఏనుగు నవ్వు. సామాన్ల గదిలో గోడలకు పరుపులు కొట్టి, సాయంత్రాలు పాటలు రికార్డు చేస్తున్నాడు. ఆల్బమ్ వేస్తాడట. గిటారు అరుస్తుంది, ఫిలిప్పీనో అతను డ్రమ్ములు దంచుతాడు. పంక్ అంటారు దాన్ని. మధ్యలో వాళ్ల తాతల నాటి ఫిడేలు, రేకు పిల్లనగ్రోవి దూరతాయి. కల్లు దుకాణంలో కొట్లాట, పెళ్లి ఊరేగింపు ఒకే సందులో ఎదురుపడ్డట్టు ఉంటుందక్కా. మొదట చెవులు మూసుకున్నాను, ఇప్పుడు పని చేస్తూ నేనే కూనిరాగం తీస్తున్నాను.

రికార్డు చేసేటప్పుడు ఏసీ చప్పుడు ఉండకూడదు. ఆపడం, పాట అయ్యాక మళ్లీ వేయడం నా పని. ఆపగానే గది ఎంత నిశ్శబ్దమవుతుందో చెప్పలేను. నాకు అదొక్కటే నచ్చదు.

అసలు సంగతికి వస్తాను. వాళ్ల దేశంలో కూడా ఒకప్పుడు చావు ఇంట్లో ఆడవాళ్లు పోయినవాడిని పేరు పెట్టి పిలుస్తూ రాగం తీసి ఏడ్చేవాళ్లట. పాదిరులు వద్దని వద్దని చివరికి ఆ విద్య పోయిందట. ఆల్బమ్ చివరి పాట మధ్యలో అలాంటి ఏడుపు కావాలి, ఏడ్చేవాళ్లు లేరు అని డెక్లన్ అంటుంటే నా నోరు ఊరుకోలేదు. "మా అమ్మ శోకం మొదలుపెడితే పాడె మోసేవాళ్లు కూడా ఆగిపోతారు" అన్నాను. ఆ మాట పట్టుకుని వదలడం లేదు. పక్కింటి ఉమారాణి ఫోన్‌లో అమ్మ చేత ఒక శోకం పాడించి, ఆ మెమరీ కార్డు పంపించు.

బావ ఖర్జూరం తోటల వైపు పనిలో ఉన్నాడు. అటు సిగ్నల్ ఉండదు. రంది పెట్టుకోకు.

నీ తమ్ముడు
స్వామి


మెట్‌పల్లి
మార్చి

తమ్మీ,

దేశం కాని దేశం పోయి ఏసీలు నేర్చుకున్నావనుకున్నాను, అమ్మను అమ్ముకోవడం నేర్చుకున్నావు! నీ ఉత్తరం చదివి వినిపించేసరికి అమ్మ బీడీల చాట పక్కన పెట్టి లేచి నిలబడింది.

"పీనుగ లేని ఇంట్ల శోకం తీస్తే పీనుగను పిల్సుకున్నట్టేనే! పేరు పెట్టకుంట ఏడ్సుడు ఉండదు. ఉత్తగ ఏడిస్తే ఆ ఏడుపు ఊకోదు, ఎవల మీద వాల్దామా అని తిరుగుతది. ఆ ఎర్రగడ్డపోనికి చెప్పు, వాళ్లవ్వను ఏడ్వుమను" అంది.

ఆమె అంత కోపంగా మాట్లాడటం నాన్న పోయాక ఇదే చూడటం. కాబట్టి నీ ఆల్బమ్‌లో అమ్మ గొంతు మాట మరిచిపో.

మీ బావ దీపావళికి ఫోన్ చేశాడు, అంతే. తోటల్లో సిగ్నల్ లేదంటావు. నెలకోసారైనా ఊర్లోకి రాడా? జుట్టు కత్తిరించుకోడా? ఆయన మాట్లాడకుండా ఉండే మనిషి కాదు. మాట్లాడకపోయినా వింటాడు. ఒగ్గు కథ జరిగితే కథ చెప్పేవాళ్లు "దేవన్న ఏడి, ఊ కొట్టేటోడు లేకపోతే కథ నడ్వదు" అని మనిషిని పంపి పిలిపించేవాళ్లు. ఆ మనిషి ఇన్ని నెలలు పెళ్లాం మాట వినకుండా ఎట్లా ఉంటాడు? ఈసారి ఆయన చేత రెండు ముక్కలు రాయించు. వంకర అక్షరాలైనా సరే.

అక్క


హుఫూఫ్
ఏప్రిల్

అక్కా,

ఇక్కడ అంతా తలకిందులైంది. నితాఖత్ అని చట్టం తెచ్చారు. కంపెనీల్లో ఇంతమంది తమ దేశపువాళ్లు ఉండాల్సిందే, లేకపోతే ఎర్ర గుర్తు. కార్డుల్లేని వాళ్ల కోసం రోడ్ల మీద, గదుల్లో వెతుకుతున్నారు. మేం పగలు పనికి పోవాలన్నా కాలేషా భాయి వచ్చి సందు చివర చూసి చెప్పాలి. ఇప్పుడేమో క్షమాభిక్ష ప్రకటించారు. కొన్ని నెలల్లో ఎవరికి వాళ్లు వెళ్లి వేలిముద్ర ఇచ్చి, శిక్ష లేకుండా ఇంటికి పోవచ్చట. నిజమో వలో తెలియడం లేదు.

డెక్లన్ చివరి పాట మొత్తం తయారు చేశాడు. డ్రమ్ములు, గిటారు ఫిబ్రవరిలోనే అయిపోయాయి, మొన్న ఫిడేలు ఎక్కించాడు. నడిమధ్యలో మాత్రం ఖాళీ వదిలాడు. పాట గుర్రంలా ఉరికి వచ్చి ఒక్కసారి ఆగిపోతుంది, ఏమీ ఉండదు, మళ్లీ ఉరుకుతుంది. ఆ ఖాళీ దగ్గరికి వచ్చేసరికి నేను లేచి బయటికి పోతున్నాను. అందులో ఎవరో ఒకరు ఏడవాలక్కా. అమ్మ కాకపోతే నువ్వు. అమ్మ దగ్గరే నేర్చావు కదా. నేను నిన్ను ఇంతకుముందు ఏమీ అడగలేదు, ఇది అడుగుతున్నాను.

బావ చేతికి దెబ్బ తగిలింది, రాయలేడు. చిన్నదే.

స్వామి


మెట్‌పల్లి
మే

తమ్మీ,

కార్డు ఈ కవరులోనే ఉంది. ఉమారాణి కుట్టు గుడ్డలో చుట్టి ఇచ్చింది, పారేయకు.

అమ్మ బీడీల కార్ఖానాకు పోయిన మధ్యాహ్నం చూసి తలుపు వేసుకున్నాను. ఎండకు వాడలో కుక్క కూడా తిరగడం లేదు. పేరు లేకుండా ఏడవకూడదు కదా, పోయిన నాన్న పేరే పెట్టుకుందాం, ఎవరికీ నష్టం లేదు అనుకున్నాను. అట్లాగే మొదలుపెట్టాను. కానీ ఎక్కువసేపు నాన్న మీద నిలవలేదు. ఆ తర్వాత ఎవరి పేరు వచ్చిందో నేను రాయను. నువ్వే వింటావు. విని నన్ను తిట్టు. తప్పకుండా తిట్టు.

పాడాక నోరు కడుక్కుని గడపకు పసుపు రాశాను. అమ్మకు చెప్పలేదు.

నీ బావ చేతికి ఏ దెబ్బ? ఏ చెయ్యి?

అక్క


హుఫూఫ్
జూన్

అక్కా,

కార్డు అందింది.

శుక్రవారం మధ్యాహ్నం, అందరూ నమాజుకు పోయివచ్చి పడుకునే వేళ, డెక్లన్ నన్ను పిలిచి ఏసీ ఆపమన్నాడు. నీ గొంతు పెట్టాడు. భాష తెలియని మనిషి, తల వంచుకుని కూర్చుండిపోయాడు. కళ్లు తుడుచుకుని, "మా నానమ్మ ఊళ్లో ముసలివాళ్లు చెప్పింది ఇదే, సరిగ్గా ఇదే" అన్నాడు. పాట మధ్యలో ఖాళీలో నిన్ను పెట్టాడు. గిటారు ఆగుతుంది, నువ్వు వస్తావు, నీ వెనక ఫిడేలు మెల్లగా లేస్తుంది, తర్వాత డ్రమ్ములన్నీ ఒకేసారి విరుచుకుపడతాయి. విన్నవాళ్ల ఒళ్లు జలదరిస్తుంది.

నిన్నొకటి అడగాలి. నువ్వు పాడేటప్పుడు గదిలో ఇంకెవరున్నారు? నువ్వు చరణం దించి ఊపిరి తీసుకున్న ప్రతిచోటా ఒక మగగొంతు "ఊఁ" అంటోంది. మెల్లగా, దగ్గరగా. ఊఁ అన్నాక చిన్నగా గొంతు సవరించుకుంటోంది. డెక్లన్‌కు అదే మరీ నచ్చింది. "మీ దగ్గర ఏడుపుకు జవాబు చెప్పే మనిషి కూడా ఉంటాడా?" అని అడిగాడు. ఉంటాడన్నాను.

ఎవరు కూర్చున్నారో రాయి. ఉమారాణి భర్తా?

స్వామి


మెట్‌పల్లి
జులై

స్వామీ,

ఉమారాణి భర్త మస్కట్‌లో ఉన్నాడు, నీకు తెలుసు. తలుపు గడియ వేసి ఉంది. నేనొక్కదాన్నే ఉన్నాను.

పాడిన మరునాటి నుంచి ఇంట్లో ఏదో తేడాగా ఉంది. నేను, అమ్మ ఆకు కత్తిరిస్తూ మాట్లాడుకుంటాం. ఒక మాట అయ్యాక ఇద్దరం ఊరికే ఆగుతున్నాం, ఎవరో ఏదో అనాల్సి ఉన్నట్టు. ముందు నాకే అట్లా ఉందనుకున్నాను. మొన్న అమ్మే చాట దించి, "ఎందుకే ఇట్ల ఆగుతున్నం మనం?" అంది. నిన్న మిట్టమధ్యాహ్నం ఉమారాణి గోడ మీద నుంచి తల పెట్టి, "మొగమనిషి మాట వినవడ్డది, అన్న వచ్చిండా వదినా?" అని నవ్వుతూ అడిగింది. నేను చేతిలో ఉన్న కత్తెర జారవిడిచాను.

అమ్మకు చెప్పక తప్పలేదు. నన్ను కొడుతుందనుకున్నాను. కూర్చుండిపోయింది. "లేని చావు పుట్టిస్తే ఉన్నోనికి ఆయుష్షు పెరుగుతదంటరు. గట్లనే అనుకుందాం బిడ్డా" అంది. అలా అంటూ నా నెత్తి మీద చెయ్యి పెట్టింది.

పెళ్లయినప్పటి నుంచి నేను ఆయన పేరు నోట పలకలేదు. ఏ ఆడది పలుకుతుంది? "మీ బావ" అంటాను, "ఆయన" అంటాను. ఆ మధ్యాహ్నం నా నోట మొదటిసారి ఆయన పేరు వచ్చింది, అదీ శోకంలో. "పొయ్యిల నిప్పు దాసివెట్టితి దేవన్నా, ఏ తొవ్వల నిలవడితివో దేవన్నా" అని నేనే పాడాను. నా నోటితో నేనే చంపుకున్నానా తమ్మీ? ఈ భయంతో నేను అన్నం ముట్టి ఎన్నాళ్లయిందో అమ్మను అడుగు.

ఇంకొకటి. నువ్వు ఆ పాటంతా విన్నావు. ఎవరి పేరుందో విన్నావు. నాన్న మొదలు అందరితోనూ పోట్లాటలు పెట్టుకునే నువ్వు, "బతికున్న బావను ఎందుకు ఏడ్చావే దయ్యమా" అని ఒక్క మాట రాయలేదు. గదిలో ఎవరున్నారని మాత్రం అడిగావు. ఊఁ అన్నాక గొంతు సవరించుకునే మనిషి ఎవరో నీకు నేను చెప్పాలా?

తిట్టమని బతిమాలుకున్నాను కదా. ఎందుకు తిట్టలేదు?

పుష్ప


హుఫూఫ్
ఆగస్టు

అక్కా,

నీ నోరు బావను చంపలేదు. ముందు ఇది పదిసార్లు చదువుకో, తర్వాత మిగతాది చదువు.

బావ కార్తీకంలోనే పోయాడు. నేను, ఆయన మిట్టమధ్యాహ్నం రోడ్డు పక్కన నడిచి పనికి పోతున్నాం. ఇద్దరికీ కార్డుల్లేవు. నీళ్ల ట్యాంకరు వచ్చింది. నేను పక్కకు దూకాను. ఆయన దూకలేదు. ఏమీ నొప్పి పడలేదక్కా, అది నిజం. జనం చేరారు, పోలీసు బండి వచ్చింది. పోలీసు అరబీలో అడిగిందాన్ని ఒక పాకిస్తానీ డ్రైవరు నాకు హిందీలో చెప్పాడు: "ఇసే జాన్తే హో?" తెలుసంటే నన్నూ బండి ఎక్కిస్తారు. "నహీ మాలూమ్" అన్నాను. నడుచుకుంటూ పనికి పోయాను.

ఆయన జేబులో ఏ కాగితమూ లేదు. అప్పటి నుంచి ఇక్కడి ఆసుపత్రి శవాల గదిలో పేరు లేకుండా ఉన్నాడు. కాలేషా భాయి ఆంబులెన్సువాళ్లను అడిగి కనుక్కున్నాడు. "నీ బావ బాధ్యత నీదప్పా, పోయి ఆ పేరన్నా చెప్పరాదా" అని ఎన్నిసార్లు అన్నాడో. పోతాను పోతాను అంటూ గడిపాను. శోకం కావాలని డెక్లన్ అడిగాడన్నది అబద్ధం కాదు, కానీ అతను అడిగేదాకా మాట లాగింది నేనే. బావ మీద ఒక ఏడుపన్నా పడాలని. నీకు చెప్పే ధైర్యం లేక, నీకు తెలియకుండా నీ చేతనే ఏడిపించాను.

ఇక ఆ గొంతు సంగతి. డెక్లన్ దాన్ని విడిగా తీద్దామని వాయిద్యాలన్నీ ఒక్కొక్కటిగా తెరిచి చూశాడు. నీ పాటలో ఉంది. నీ పాట తీసేసి ఫిడేలు ఒక్కటే పెడితే ఫిడేలులో ఉంది. చివరికి డ్రమ్ములు పెట్టాడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఊఁ. ఆ డ్రమ్ములు ఫిబ్రవరిలో, నేను నీకు మొదటి ఉత్తరం రాయకముందు కొట్టినవి. డెక్లన్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, బయటికి పోయి ఎండలో నిలబడ్డాడు.

అంటే ఆ గొంతు నీ పాటతో మొదలు కాలేదు. ముందు నుంచీ ఇక్కడే, నా వెనకే ఉన్నాడు. నేను ఏసీ ఆపిన ప్రతిసారీ, ఎవరైనా ఏదైనా చెబుతారేమోనని ఊ కొడుతూ ఉన్నాడు.

రేపు పోతున్నాను. పోలీసులు పట్టుకుంటే పట్టుకోనీ, క్షమాభిక్ష నిజమైతే నిజం కానీ. ఆసుపత్రిలో పేరు చెబుతాను. ఆయన్ని పంపాలంటే భార్య సంతకంతో ఒప్పుకోలు పత్రం కావాలట. ఆ పత్రం పంపుతావో, నన్ను ఇక్కడే చావమంటావో నీ ఇష్టం.

స్వామి


మెట్‌పల్లి
సెప్టెంబరు

పత్రం ఇందులో ఉంది.

ఆఫీసులో "మొగుని పేరేందమ్మా" అన్నాడు గుమాస్తా. అమ్మ చెప్పబోయింది. నేను వద్దన్నాను. నేనే చెప్పాను, గట్టిగా, బయట వరండాలో ఉన్నవాళ్లు తిరిగి చూసేలా. నువ్వు ఒక్కసారి చెప్పలేకపోయిన పేరు.

నీతో మాట్లాడాలని లేదు. ఆయన్ని పంపించు.

పుష్ప


దమ్మాం
అక్టోబరు

అక్కా,

నన్ను పట్టుకోలేదు. వేలిముద్రలు తీసుకుని, పేరు రాసుకుని, నీ వంతు వచ్చినప్పుడు పంపుతామన్నారు. అందాకా దమ్మాంలో ఉంటున్నాను. ఉత్తరం కాలేషా భాయి కొట్టుకే రాయి, ఆయన తెచ్చిస్తాడు. ఇంత తేలికైన పనికి భయపడి ఆయన్ని అన్నాళ్లు అక్కడ ఉంచాను. నన్ను క్షమించమని అడగను.

ఈ ఉత్తరం కంటే ముందే బావ ఇంటికి చేరి ఉంటాడు.

శవాల గదిలో మనిషి సొరుగు లాగి, కాగితం మీద పెన్ను పెట్టి నా వైపు చూశాడు. "దేవన్న" అన్నాను. ఎట్లా రాయాలో తెలియక మళ్లీ చెప్పమన్నాడు. మూడుసార్లు చెప్పాను. మూడోసారికి నాకు ఏడుపొచ్చింది, గట్టిగానే ఏడ్చాను. ఆ మనిషి పెన్ను దించి, నా ఏడుపు అయ్యేదాకా ఆగాడు.

అయ్యాక పక్క సొరుగు కూడా లాగాడు. "యే భీ హిందీ, నామ్ నహీ" అన్నాడు. హిందీ అంటే ఇక్కడ ఇండియా మనిషి. మన వయసువాడే. ముఖం గుర్తుపట్టేలా లేదు. చేతి మీద పచ్చబొట్టు ఉంది. ఇక్కడివాళ్లకు అది ఉత్త గీతలు. నేను చదవగలిగాను. తెలుగులో "గంగు" అని ఉంది. మన వైపు మనిషేనక్కా.

డెక్లన్ ఉద్యోగం కూడా పోయింది. ఆల్బమ్ తీసుకుని తన దేశం పోతున్నాడు. పోయేముందు నాకోసం చివరి పాట ఇంకోసారి పెట్టాడు. బావ గొంతు లేదు. నువ్వు ఊపిరి తీసుకునే చోట్లన్నీ ఖాళీగా ఉన్నాయి. నాకు సంతోషమో దుఃఖమో తెలియలేదు. పాట అయిపోయింది, అతను మీట నొక్కబోతుంటే ఇద్దరం విన్నాం. చివరి డ్రమ్ము దెబ్బ తర్వాత ఎవరో దగ్గారు. బావ కాదు. ఆ గొంతు నాకు తెలియదు.

ఆల్బమ్ అట్ట మీద నీ పేరు వేస్తానంటున్నాడు. వేయమననా?

స్వామి


మెట్‌పల్లి
కార్తీకం

తమ్మీ,

మీ బావ వచ్చాడు. పెట్టె విప్పవద్దన్నారు, విప్పించాను. అమ్మ శోకం తీసింది. నాకు గొంతు రాలేదు, నాది ముందే అయిపోయింది కదా. వాడ వాడంతా వచ్చారు. కోపం పోలేదు నీ మీద. అన్నం తింటున్నాను, అది మాత్రం నీకు తెలియాలని రాస్తున్నాను.

అట్ట మీద నా పేరు వద్దు. ఆయన పేరు వేయమను.

నీ ఉత్తరం అమ్మకు చదివాను. విని కొంగు దులుపుకుని లేచింది. "ఆ పోరనికి ఎవలు లేరా? వాని పేరేందో కనుక్కుందాం పా" అని నన్ను కార్ఖానాకు తీసుకుపోయింది. బీడీలు అప్పజెప్పే రోజు, ఆడవాళ్లందరూ వరసగా కూర్చున్నారు. నేను నిలబడి ఆ ముక్క చదివాను. సౌదీలో ఒక మనిషి ఉన్నాడు, పేరు తెలియదు, చేతి మీద గంగు అని పచ్చబొట్టు ఉంది అని.

చేతులన్నీ ఆగిపోయాయి.

మన వైపు గంగు అనే పేరుకు కరువా తమ్మీ? ముగ్గురు లేచారు. ఒకామె కొడుకు, ఇద్దరి భర్తలు, ముగ్గురి చేతుల మీదా గంగు అనే పచ్చబొట్టు ఉందట. ముగ్గురికీ సౌదీ నుంచి కబురు ఆగి ఏడాది దాటింది. ఆ ముగ్గురూ ఇప్పుడు మన ఇంట్లోనే, ఈ ఉత్తరం రాస్తున్న నా చుట్టూ కూర్చుని ఉన్నారు. ఒకామె కుడి చెయ్యి అంటుంది. ఒకామె ఎడమ చెయ్యి అంటుంది. మూడో ఆమె నా కలం వైపే చూస్తోంది.

ఏ చెయ్యో రాయి.

అక్క